లచ్చవ్వను పిలిస్తే పలికే గడీ

తుంగపెల్లి,
ఆదివారం.

ప్రియమైన నాయనమ్మకు,

క్షేమంగా చేరాను. నువ్వు భయపడ్డట్టు బస్సు అడవిలో ఆగిపోలేదు, పాము ఎదురు రాలేదు. నువ్వు కట్టిచ్చిన పులిహోర మాత్రం జన్నారం రాకముందే అయిపోయింది. ఇక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కితే కాస్త వస్తుందట, ఎక్కే ఓపిక నాకు లేదు. కండక్టర్ సక్కుబాయి మన గల్లీ మనిషేనట. "ఉత్తరం రాసియ్యమ్మా, నేనే తీస్కపోయి మీ నాయనమ్మ చేతిల వెడ్త. దానికేం టికెట్ కొట్టనులే" అని నవ్వింది. అందుకని ఇక మన మాటలన్నీ ఉత్తరాల్లోనే.

రిత్విక్ అన్న "మన గడీని పెళ్లిళ్ల హాలు చేస్తున్నాం, దాని చరిత్ర రాసిపెట్టు" అన్నప్పుడు ఏదో పాత ఇల్లు అనుకున్నాను. ఇది ఇల్లేంటి నాయనమ్మా, కోట! మూలమూలకు బురుజు, ఏనుగు పట్టేంత దర్వాజ. నడిమి భవంతిలో టేకు దూలాలు ఇంకా నల్లగా మెరుస్తున్నాయి. పైకప్పు కూలిన గదుల్లో గబ్బిలాలు కాపురం పెట్టాయి. కావలి ఉండే బాలమల్లు నాకు దర్వాజ పక్క గది ఊడ్చి ఇచ్చాడు. నన్ను చిన్నదొరసానీ అంటున్నాడు. అనొద్దంటే నొచ్చుకుంటున్నాడు.

వచ్చే నెల కంపెనీవాళ్లు దిగి దర్వాజ నుంచి వంటింటి దాకా సిమెంటు పోస్తారట. ఆలోపు నేను చరిత్ర ముగించాలి. కాలేజీలో ఎవరెవరి చరిత్రో చెప్తాను కానీ మన ఇంటి సంగతి నాకు నాలుగు ముక్కలు కూడా తెలియదు. గడీ నీ పేరు మీద ఉంది, కథలు కూడా నీ దగ్గరే ఉంటాయి. పంపించు.

ఇంకో సంగతి. నిన్న పొద్దుగూకే వేళ ఒక ముసలామె వచ్చి దర్వాజ బయట నిలబడింది. లోపలికి చూస్తూ, గొంతెత్తి "లచ్చవ్వా!" అని పిలిచింది. లోపల ఎక్కడో ఒక ఆడపిల్ల "ఆఁ" అంది. ముసలామె తల ఊపి వెళ్లిపోయింది. బాలమల్లు బిడ్డేమో అనుకుని, లచ్చవ్వ ఎవరని అడిగాను. "లోపట ఎవ్వరున్నరమ్మా? మీరు, నేను, గంతే" అని బీడీ ఆర్పేసి లేచిపోయాడు. ఇవాళ కూడా అదే పిలుపు, అదే ఆఁ. నీకు కాక ఎవరికి చెప్పను? ఎవరీ లచ్చవ్వ?

నీ ముద్దుల మనుమరాలు,
స్పందన.


కరీంనగర్,
మంగళవారం.

ప్రియమైన బిడ్డ స్పందనకు నాయనమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం ముట్టింది. సక్కుబాయి చాయ్ తాగి, తన మోకాళ్ల నొప్పుల పురాణమంతా చెప్పి గానీ కదల్లేదు. నువ్వు వేళకు తింటున్నావా? బాలమల్లు వంటలో కారం ఎక్కువ, పెరుగు వేసుకుని తిను.

ఇక రాసుకో. గడీని కట్టించింది మీ తాతకు తాత, వెంకటేశ్వర్‌రావు దొర. టేకు దూలాలను అడవి నుంచి ఎడ్లబండ్ల మీద తోలించాడు. డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి రుబ్బించాడు. అందుకే ఆ గోడలకు మేకు కొడితే మేకే వంగుతుంది. నడిమి భవంతిలో పరిచిన పాలరాయి ఇటలీ నుంచి ఓడలో వచ్చిందని మా మామగారు వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. ఇటలీలో ఎవరో రాజుల ఇంట్లో అచ్చం అదే రాయి ఉందట, ఆ రాజులు మనకు సరిజోడట. ఒకసారి ఒక సేటు వంగి చేత్తో తడిమి, "ఇది రాజస్థాన్ రాయి దొరా" అన్నాడు. ఆ సేటును మళ్లీ భోజనానికి పిలవలేదు. నువ్వు ఇటలీ అనే రాయి, పెళ్లివాళ్లు ఖుషీ అవుతారు.

నన్ను పదహారేళ్లకు కోడలుగా ఆ ఇంటికి తెచ్చారు. మేనాలో దిగితే దర్వాజ దగ్గర ఊరు ఊరంతా వంగి ఉంది, ఒక్క మొహం కూడా కనబడలేదు. కూలీల సంఘం దినాలు వచ్చాక దొరలకు ఊళ్లో నిలువ నీడ లేకుండా పోయింది. ఒక తెల్లవారుజామున తాళం వేసి కరీంనగర్ వచ్చేశాం. మళ్లీ నేను అటు పోలేదు. పోవాలనిపించలేదు.

లచ్చవ్వ అనే మనిషి నాకు తెలియదు. పాత ఇల్లు కదా, గోడలు మాట తిరిగి చెప్తాయి. ఆ ముసలామెకు మతి సరిగా లేదేమో. నువ్వు దాని గురించి పరేషాన్ కాకు. పొద్దుగూకితే మాత్రం లోపలి గదుల్లోకి పోకు. ఎవరు పిలిచినా నువ్వు పలకకు. ఇది ఒట్టు. కొండగట్టు అంజన్న సింధూరం పొట్లం కట్టి పంపుతున్నాను, తలగడ కింద పెట్టుకో.

నాయనమ్మ,
రాధాబాయి.


తుంగపెల్లి,
గురువారం.

ప్రియమైన నాయనమ్మకు,

గోడలు మాట తిరిగి చెప్తాయన్నావు. నిన్న మధ్యాహ్నం నేనే దర్వాజ బయట నిలబడి లచ్చవ్వా అని గొంతు పోయేలా అరిచాను. లచ్చవ్వా అనే తిరిగి వచ్చింది. పేరు పెట్టి పిలిస్తే ఆఁ అని పలికే గోడ గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సాయంత్రం ముసలామె వచ్చేసరికి నేను లోపలే ఉన్నాను. తిట్టకు. పిలుపు వచ్చింది. ఆఁ వినగానే దాని వెంట పరుగెత్తాను. నడిమి భవంతి దాటితే వంటింటి పక్కన దీపపు గూళ్లున్న చిన్న గది ఉంది చూడు, అక్కడి నుంచి వచ్చింది. తలుపు తోశాను. ఎవరూ లేరు. నేల మీద దుమ్ము మందంగా పరుచుకుని ఉంది, ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. కానీ గది నిండా అప్పుడే ఆర్పిన వత్తి వాసన. గొంతు ముసలిది కాదు నాయనమ్మా. పదహారు, పదిహేడేళ్ల పిల్లది.

ఇవాళ పొద్దున ఆ ముసలామె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పేరు కొమురవ్వ. అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మతి శుభ్రంగా ఉంది, నాకంటే బాగా ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "గడీ బిడ్డవా? కూసో" అని చాట పక్కకు జరిపింది.

"లచ్చవ్వ మా అక్క. నేను ఇంక అవ్వ సంకల ఉన్నప్పుడే దాన్ని గడీల వెట్టుకున్నరు. దొర బిడ్డకు లగ్గమైతే ఎంబడి ఆడబాపగ తోలాలెనని" అంది.

ఆడబాప అంటే నీకు నేను చెప్పాలా? పెళ్లికూతురి వెంట మంచాలు, బిందెలతో పాటు పంపే పిల్ల. బతికినన్నాళ్లు ఆ ఇంట్లో చాకిరి చేసి అక్కడే పోవాల్సిన పిల్ల. మన ఇంట్లో ఆ పని జరిగిందని నాకు ఎవరూ చెప్పలేదు.

"మా అవ్వను దర్వాజ దాటనియ్యలే. పొద్దుగూకంగ బయట నిలవడి పిలువాలె, లోపట్నుంచి బిడ్డ పలుకుతది, ఇని ఇంటికి రావాలె. గదే దొర చేసిన దయ. అవ్వ పోయినంక నేను పిలుస్తున్న."

"ఎన్నడన్న చూసినవా అవ్వా ఆమెను?" నాకు తెలియకుండానే ఆమె మాట నా నోటికి వచ్చేసింది.

"సూసుడు ఎక్కడిది బిడ్డా? ఇనుడే."

"ఇల్లు తాళం వడి ఎన్నేండ్లాయె. ఎవరు పలుకుతుండ్రు మరి?"

ఆమె ఆకు కత్తిరించడం ఆపింది. "ఇల్లు మీది. నువ్వే చెప్పాలె. ఒక్క మాట ఇను. మీ అన్న కంపెనోళ్లు సిమెంటు పోస్తరట గద. పోయకముందే మా అక్కను నాకియ్యుండ్రి. ఇంకేం అడుగుత లేను."

ఆమె అక్క బతికే ఉందనుకుంటోందా? ఆమెకు ఏం ఇవ్వాలి మనం? నీకు ఏమన్నా తెలిస్తే దాచకు నాయనమ్మా.

స్పందన.


కరీంనగర్,
శుక్రవారం.

ప్రియమైన స్పందనకు,

చెప్పిన మాట వింటే నువ్వు నా మనుమరాలివి ఎందుకవుతావు? సరే, అడిగావు కాబట్టి విను.

ఆ దీపాల గది నాది. కొత్త కోడలుగా అడుగుపెట్టిన మొదటి సాయంత్రమే మా అత్తగారు నన్ను అక్కడికి తీసుకుపోయి, దీపం ముట్టించమన్నారు. "బయటికెల్లి లచ్చవ్వా అని పిలుపొస్తది. ఆఁ అను. ఇంకొక్క మాట అనకు" అన్నారు. నేను ఇంటి ఆచారం అనుకున్నాను. ప్రతి ఇంటికీ ఒక పద్ధతి ఉంటుంది కదా. మా పుట్టింట్లో దీపం వేళ వీధి తలుపు తీసిపెట్టి లక్ష్మిని రమ్మంటారు. ఇక్కడ బయటి నుంచి పేరు పెట్టి పిలిపిస్తారు కాబోలు, ఇంట్లోనే ఉందని కోడలు పలకాలి కాబోలు అనుకున్నాను. దండం పెట్టుకుని మరీ పలికేదాన్ని బిడ్డా. పండుగనాడు పట్టుచీర కట్టుకుని పలికాను. మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు పలికాను.

ఎన్నో ఏళ్లకు ఒక పనిమనిషి నోరు జారితే తెలిసింది, అది ఆచారం కాదని, ఒక పిల్ల పేరని. నాకు ముందు అత్తగారే పలికేవారట. ఆమె గొంతు బొంగురుపోయింది, పిల్ల గొంతు కావాల్సి వచ్చింది. ఆ పిల్ల ఏమైందని అడిగితే పనిమనిషి కాళ్ల మీద పడి ఏడ్చింది. ఇక ఎవరినీ అడగలేదు. కోడలు అత్తను నిలదీసే ఇల్లు కాదది.

ఇప్పుడు తవ్వి తలకెత్తుకోవడం వల్ల ఎవరికి లాభం? గడీని కంపెనీకి రాసిచ్చే కాగితాలు రిత్విక్ తెచ్చాడు, సోమవారం సంతకం పెడతాను. గడీ మన చేయి దాటితే ఆ పీడ కూడా దాటిపోతుంది. నువ్వు బట్టలు సర్దుకుని రేపటి బస్సు ఎక్కు. చరిత్ర ఇటలీ రాయి దాకా రాసింది చాలు.

రాధాబాయి.


తుంగపెల్లి,
శనివారం, పొద్దున.

ప్రియమైన నాయనమ్మకు,

బస్సు ఎక్కడం లేదు. ఉత్తరం మాత్రం ఎక్కిస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నిన్న సాయంత్రం కొమురవ్వ దగ్గరికి పోయాను. ఉన్నమాట అనేశాను: పలికింది మీ అక్క కాదు అవ్వా, మా నాయనమ్మ అని. ఆమె గుండె ఆగుతుందేమో అని భయపడ్డాను. ఆమె నవ్వింది.

"మా అవ్వకు మొదటి దినమే ఎరుక. కన్నబిడ్డ గొంతో కాదో తల్లికి తెల్వదా?"

"మరి ఎందుకు పిలిచింది అవ్వా, అన్నేండ్లు?"

"పిలుచుడు బంద్ వెడితే బిడ్డ లేదని ఒప్పుకున్నట్టే గద. ఒప్పుకోలే. ఇంకోటి సుత ఉన్నది. దొర పిలిస్తే ఊరంత ఉరికొచ్చి బాంచెన్ అన్నది. మా అవ్వ పిలిస్తే దొరసాని ఆఁ అన్నది. నా బిడ్డ పేరుకు పలుకుతున్నది సూడు అని ఇంటికొచ్చి కొంగు మొఖానికి అడ్డం వెట్టుకునేది. ఏడ్సేదో నవ్వేదో మాకు తెల్వది."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. లాక్కోలేదు. "అక్క బతికి లేదని నాకెరుక బిడ్డా. గడీలనే ఎక్కడనో ఉన్నది. బొక్కలున్నా సరే, నాకిస్తే మా బొందలగడ్డల అవ్వ పక్కన పాతి వెట్టుకుంట. సిమెంటు కింద వోతే ఇగ పిలిచి ఏం ఫాయిద?" అంది.

అప్పుడు అడిగాను, ఖాళీ ఇంట్లో ఇప్పుడు ఎవరు పలుకుతున్నారని. ఆమె నా వైపు వింతగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"మీ నాయనమ్మనే. ఆ గొంతు నాకెరుక. చిన్నప్పటి సంది ఇంటున్న."

"ఆమె కరీంనగర్‌ల ఉంది గద అవ్వా!"

"ఏడుంటేంది?" అంది, బీడీకట్టకు దారం చుడుతూ.

ఇద్దరం కలిసే దర్వాజ దగ్గరికి వచ్చాం. ఆమె పిలిచింది. పలికింది. ఈసారి చెవిపెట్టి విన్నాను. ఎవరు ఏం అడిగినా ఆఁ అనేటప్పుడు చివర కాస్త పైకి లేపుతావు చూడు, అట్లాగే ఉంది. గొంతు ఒక్కటే లేతది.

సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నువ్వేం చేస్తావు నాయనమ్మా? నిజం రాయి. నిన్ను బతిమాలుతున్నాను, సంతకం పెట్టకు. ఆమెకు వాళ్ల అక్కను ఇచ్చాక నీ ఇష్టం.

స్పందన.


కరీంనగర్,
ఆదివారం, తెల్లవారి.

నా తల్లీ స్పందనా,

సక్కుబాయి మొదటి బస్సుకు పోతుంది, అందుకని తొందరగా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. మీ తాతకు కూడా. నాకు ఇక్కడికి వినబడుతుంది. మూడో అంతస్తులో, టీవీ మోతలో, కుక్కర్ కూతలో, పొద్దుగూకిందంటే లచ్చవ్వా అని వినబడుతుంది. మొదట ముసలి గొంతు, తర్వాత కొన్నేళ్లకు ఇంకో గొంతు. పలికేదాకా అన్నం ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టు ఉంటుంది. పలుకుతాను. మీ వదిన నవీన నేను దేవుడితో మాట్లాడుతున్నాననుకుంటుంది. నేను ఇక్కడ ముసలిదాన్నయ్యాను, నా గొంతు మాత్రం అక్కడే, ఆ గదిలోనే ఉండిపోయిందన్నమాట. గడీ వదిలేసి వచ్చానని ఎంత మురిసిపోయాను! ఎక్కడ వదిలింది?

నిన్న నీ ఉత్తరం చదివాక పలకొద్దనుకున్నాను. చూద్దాం, ఏమవుతుందో చూద్దాం అనుకున్నాను. పిలుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మళ్లీ పిలిచింది. ఎన్నడూ రెండోసారి పిలవలేదు బిడ్డా. గోడ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. కానీ పలకలేదు. పెళ్లయిన నాటి నుంచి పొద్దుగూకాక నేను నోరు మూసుకున్నది నిన్నొక్కనాడే.

రిత్విక్‌తో సంతకం ఇప్పుడే పెట్టనని చెప్పాను. అలిగాడు, అలగనీ.

నాకు ఒక్కటి రాయి. నేను పలకలేదు కదా, నిన్న గడీ పలికిందా?

నాయనమ్మ.


తుంగపెల్లి,
ఆదివారం.

నాయనమ్మా,

పలికింది. నువ్వు కాదు.

నిన్న కొమురవ్వ ఎప్పటిలాగే పిలిచింది. దీపాల గది నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె నా వైపు తిరిగింది. అంత భయం ఆమె మొహంలో ఎప్పుడూ చూడలేదు. అంతా అయిపోయింది అనుకున్నాను. ఆమె ఇంకోసారి పిలిచింది. బాలమల్లు కూడా వచ్చి తువ్వాల చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గాలి లేదు, పిట్ట లేదు.

అప్పుడు ఎవరో "కొమురీ" అన్నారు. సన్నగా, దగ్గినట్టు. లోపలి నుంచి కాదు. మా కాళ్ల కింద నుంచి. దర్వాజ ముందు పరిచిన పెద్ద రాయి ఉంది చూడు, వాళ్ల అవ్వ రోజూ నిలబడి పిలిచిన చోటు, దాని కింద నుంచి.

కొమురీ అని పిలిచేవాళ్లు ఇప్పుడు ఈ లోకంలో ఎవరూ లేరట. కొమురవ్వ కూలబడిపోయి రాతికి చెవి ఆనించింది. "అక్కా, గీడనే ఉన్నవానే? అవ్వ కాళ్ల కిందనే ఉన్నవానే?" అని రాతిని రెండు చేతులతో కొట్టుకుంది. నేనూ చెవి పెట్టాను. విన్నాను నాయనమ్మా. ఒట్టు, విన్నాను.

బాలమల్లు అప్పుడు నోరు విప్పాడు. ఒకనాడు తల్లి పిలుపు విని లచ్చవ్వ ఆగలేక బయటికి ఉరకబోతే దర్వాజ దాటకముందే దొర మనుషులు పట్టుకున్నారట, తర్వాతి రోజు ఇంకా తెల్లారకముందే దర్వాజ ముందు కొత్త రాయి పడిందట. బాలమల్లు తాత ఎత్తిన రాళ్లలో అదొకటి. ఊరందరికీ తెలుసు, ఆ తల్లికీ చెల్లికీ తప్ప. వాళ్లకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నన్ను కుదిపేస్తున్నది ఇంకోటి. ఆ పిల్ల ఇన్నేళ్లూ పలుకుతూనే ఉందేమో. ముందు మీ అత్తగారి ఆఁ, తర్వాత నీ ఆఁ చప్పున వచ్చేసేవి. ఆ తల్లి అది విని వెనక్కి తిరిగేది. ఇంకొక్క క్షణం అక్కడే నిలబడి ఉంటే వినేది కదా. నువ్వు తెలిసి చేయలేదు. నాకు తెలుసు. అయినా రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను.

రాయి లేపుదామని బాలమల్లు పొద్దున్నే గడ్డపార తెచ్చాడు. కొమురవ్వ లేపనివ్వలేదు. నిన్నటి నుంచి ఆ రాతి మీదే కూర్చుని ఉంది. గొంగడి కప్పితే కప్పుకుంది, నీళ్లిస్తే వద్దంది. నీ ఉత్తరం వచ్చిందని చెబితే ఒకటే మాట అంది.

"రాధాబాయిని రమ్మను."

దొరసాని అనలేదు.

"నేను పిలుస్తున్ననని చెప్పు. గీసారి నోటితోని పలుకుడు కాదు, కాళ్ల మీద నడిచి రమ్మను. రాయి ఆమె చెయ్యి వడ్డంకనే లేవాలె. అందాక నేను గిక్కన్నించి లేవ."

సక్కుబాయి రేపు మొదటి బస్సులో నీకు ముందు సీటు ఆపుతానంది. రా నాయనమ్మా.

నీ స్పందన.